తెనాలి అంటే మూడు అక్షరాలా, ఆరా? పాత తెలుగు ఫైలు తెరుచుకోకపోతే ఏం చేయాలి

ఫ్రెండ్స్, ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. ఓ పాత పెన్‌డ్రైవ్ కథ. అందులోంచి మనందరికీ పనికొచ్చే పాఠం ఒకటి ఉంది, చివరిదాకా చదవండి.

మాది రేపల్లె దగ్గర ఓ ఊరు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన గురించి మా తాతయ్య నోటుబుక్కుల్లో రాసుకున్నాడు. ఆ రాత్రి నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎవరు ఏ చెట్టెక్కారు, ఎవరెవరు పోయారు, అన్నీ. 2004లో ఆ పుస్తకాలు పట్టుకుని తెనాలి వెళ్లి, బోసు రోడ్డు దగ్గర ఓ డీటీపీ షాపులో టైప్ చేయించాడు. నలభై పేజీలు వచ్చాయి. ప్రింట్లు తీయించి చుట్టాలకి పంచాడు, ఫైల్ సీడీలో పెట్టించుకున్నాడు. ఆ సీడీలోదే తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

ఇప్పుడు తాతయ్య లేడు. నోటుబుక్కులు చెదలు తినేశాయి. ప్రింట్లలో బాపట్లలో మా మేనత్త ఇంట్లో ఒకటి మిగిలింది, అదీ మొదటి పన్నెండు పేజీలే. మా నాయనమ్మకి చూపు బాగా తగ్గింది. ఓ రోజు, "ఫోనే చదివి పెడుతుందంట గదరా, మీ తాత రాసింది చదివించు" అంది.

ఇదెంత పని అనుకున్నా. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ భేషుగ్గా ఉంది. తెరిచి, ఫోన్‌కి పంపి, చదవమన్నా. ఫోన్ మొదలుపెట్టింది: "డాలర్... పర్సెంట్... ఈ... స్టార్..."

నాయనమ్మ కాసేపు విని, "ఇదేం భాషరా? మీ తాత తెలుగులోనే రాశాడే!" అంది.

ఇక ఇంట్లో తలా ఒక మాట. మా తమ్ముడు "ఫైల్ కరప్ట్ అయింది" అన్నాడు. బావ "ఈ ఫోన్‌కి తెలుగు సరిగ్గా రాదు, మార్చెయ్" అన్నాడు. ఇంకో కజిన్ "ఫాంటు డౌన్‌లోడ్ చేస్తే సరిపోతుంది" అన్నాడు. బాబాయ్ అయితే "తెలుగు కీబోర్డు కొనుక్కొచ్చి మళ్లీ కొట్టించడమే" అని తేల్చేశాడు. రోజూ గాడ్జెట్ల గురించి మనం అనుకునే మాటలే ఇవి. నాలుగూ మా సమస్యకి మందు కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చేయాలి.

మూడు ఊళ్లు, మూడు అక్షరాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఒక్కో పేరులో ఎన్ని అక్షరాలు? చిన్నప్పుడు పలక మీద రాసినట్టు లెక్కపెడితే మూడేసి. కానీ ఫోన్ లెక్క వేరు.

ఫోన్‌కి, కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక అంకె. ఏ అంకెకి ఏ అక్షరమో ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 వరకు 128 గళ్లు మనవి, కొన్ని ఇంకా ఖాళీ. క అంటే 3093. జ అంటే 3100. దీర్ఘం ా అంటే 3134. పొల్లు ్ అంటే 3149. గుణింతపు గుర్తుకి విడిగా ఒక అంకె, పొల్లుకి విడిగా ఒక అంకె. ఒత్తులకి మాత్రం విడి అంకెల్లేవు. పొల్లు పెట్టి తర్వాత హల్లు వేస్తే దాన్ని ఒత్తుగా గీయడం ఫాంటు పని.

ఈ లెక్కన:

తెనాలి = త, ె, న, ా, ల, ి. మొత్తం 6.
బాపట్ల = బ, ా, ప, ట, ్, ల. మొత్తం 6.
రేపల్లె = ర, ే, ప, ల, ్, ల, ె. మొత్తం 7.

నమ్మకం లేకపోతే ఫోన్‌లో "స్త్రీ" అని కొట్టి, బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారి నొక్కుతూ చూడండి. చాలా కీబోర్డుల్లో ఆ ఒక్క అక్షరం పోవడానికి ఆరుసార్లు నొక్కాలి: స, ్, త, ్, ర, ీ. బగ్ కాదు, లోపల నిజంగానే ఆరున్నాయి.

ఫైల్ సైజు కూడా ఇక్కడే తేలుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైట్, తెలుగు అంకె ఒక్కోదానికి 3 బైట్లు. అంటే తెనాలికి 18 బైట్లు, రేపల్లెకి 21. తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపితే త్వరగా రెండో మెసేజ్‌లోకి ఎందుకు వెళ్లిపోతుందో కూడా ఇలాంటి లెక్కే: ఇంగ్లీషులో 160 అక్షరాల దాకా ఒక మెసేజ్, తెలుగులో 70. ఆ 70లో గుణింతాలు, పొల్లులు కూడా లెక్కే.

తాతయ్య ఫైల్‌లో ఏముంది?

2004లో డీటీపీ షాపుల్లో ఎక్కువ పని యూనికోడ్‌లో జరిగేది కాదు. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చి కొన్నేళ్లే అయింది. పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టే సాఫ్ట్‌వేర్లకి అప్పట్లో యూనికోడ్ తెలుగు సరిగ్గా ఎక్కేది కాదు. అందుకని అందరూ ఒక కిటుకు వాడారు.

65 అంటే కంప్యూటర్‌కి ఇంగ్లీషు పెద్ద "ఏ". ఫాంటు అంటే ఏ అంకెకి ఏ బొమ్మ గీయాలో చెప్పే ఫైల్. మరి 65 దగ్గర ఇంగ్లీషు బొమ్మ తీసేసి, అక్కడ ఓ తెలుగు ముక్క గీసి పెడితే? 256 గళ్లలో తలకట్లు, ఒత్తులు, గుడులు అన్నీ ముక్కలు ముక్కలుగా సర్దేశారు. స్క్రీన్ మీద, కాగితం మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఫైల్‌లో ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, పర్సెంట్లే.

అప్పటికి అది తెలివైన పరిష్కారమే. తెలుగు ప్రింటింగ్ కొన్నేళ్లు దాని మీదే నడిచింది. ఏదో ఒక కంపెనీ తప్పు, షాపు తప్పు అనడానికి లేదు. చిక్కెక్కడంటే ఏ ఫాంటు పట్టిక దానిదే. ఒకదాంట్లో 65 అంటే తలకట్టు, ఇంకోదాంట్లో ఇంకేదో. ఆ ఫాంటు లేని చోట ఫైల్ తెరిస్తే బొమ్మలు పోయి అసలు అంకెలు బయటపడతాయి. మా ఫోన్ తప్పుగా చదవలేదు, ఉన్నదే చదివింది.

ఇంకో సంగతి గమనించండి. ఆ ఫాంటు వేసుకుంటే ల్యాప్‌టాప్‌లో తెలుగు కనిపిస్తుంది, కజిన్ చెప్పింది అంతవరకు నిజమే. కానీ ఫోన్ చదవలేదు. "ఉప్పెన" అని వెతికితే ఒక్కటీ దొరకదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే మళ్లీ గజిబిజే. కళ్లకి తెలుగు, మిగతా అన్నిటికీ కాదు. నాయనమ్మకి కావాల్సింది ఆ మిగతాదే.

పీడీఎఫ్ ఉంటే భయం లేదనుకుంటాం కదా, అది కూడా పూర్తిగా నిజం కాదు. ఫాంటును లోపల దాచుకుంటుంది కాబట్టి పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది. ఓ లైన్ కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే బంగారం. గజిబిజి వస్తే మీ దగ్గరున్నది ఫొటో లాంటిది.

నాలుగు రోగాలు, నాలుగు మందులు

"తెలుగు రావట్లేదు" అని అందరం ఒకే మాట అంటాం. కానీ తెర మీద ఏం కనిపిస్తోందన్నదాన్ని బట్టి రోగం మారుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, పాఠం మొత్తంలో ఇదే ముఖ్యం.

1. ఖాళీ పెట్టెలు: అంకెలు సరిగ్గా ఉన్నాయి, గీయడానికి తెలుగు ఫాంటు లేదు. దీనికే "ఫాంటు వేస్తే సరి" అన్న మాట వర్తిస్తుంది. ఫైల్ క్షేమం.

2. ఇంగ్లీషు, గుర్తుల గజిబిజి: ఎక్కువసార్లు పాత ఫాంటుతో కొట్టిన ఫైల్. ఏ ఫాంటో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. మా తాతయ్య ఫైల్ ఇదే.

3. వరుసగా ప్రశ్న గుర్తులు: ఇది ప్రమాదం. తెలుగు తెలియని పద్ధతిలో ఎవరో సేవ్ చేసేశారు. నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 బదులు ఆన్సీ ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. ప్రతి తెలుగు అంకె పోయి, దాని చోట ప్రశ్న గుర్తు అంకే కూర్చుంటుంది. ఏ ఫాంటూ, ఏ కన్వర్టరూ దాన్ని వెనక్కి తేలేదు. పాత కాపీ ఉంటేనే దిక్కు.

4. చుక్కల వలయం మీద గుణింతం: హల్లు లేకుండా గుర్తు ఒక్కటే పడింది, లేదా వరుస తారుమారైంది. అక్కడికక్కడ చెరిపి మళ్లీ కొడితే పోతుంది.

మరి తెలుగు కీబోర్డు కొనాలా?

బాబాయ్ మాటకి వద్దాం. మీరు కొన్న కీబోర్డు, 500 రూపాయలదైనా 5000 రూపాయల మెకానికల్ అయినా, కంప్యూటర్‌కి అక్షరం పంపదు. ఫలానా వరుసలో ఫలానా మీట నొక్కారు అని మాత్రమే చెబుతుంది. దాన్ని ఏ అక్షరంగా తీసుకోవాలో సాఫ్ట్‌వేర్‌లోని లేఔట్ చూసుకుంటుంది. కాబట్టి తెలుగు కోసం కొత్త కీబోర్డు అక్కర్లేదు. మీటల మీద తెలుగు స్టిక్కర్లు అతికించుకుంటే నేర్చుకునే రోజుల్లో సాయం, అంతే.

విండోస్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు కలపండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అక్కడ రెండు దారులు:

ఇన్‌స్క్రిప్ట్: కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో తెచ్చిన లేఔట్. ఎడమ చేతి వైపు గుణింతాలు, కుడి చేతి వైపు ఎక్కువగా హల్లులు. తెనాలి కొట్టాలంటే ఎల్, జెడ్, వి, ఇ, ఎన్, ఎఫ్. ఆరు మీటలు. రేపల్లెకి జె, ఎస్, హెచ్, ఎన్, డి, ఎన్, జెడ్. ఏడు. పైన లెక్కించిన అంకెలు ఎన్నో మీటలూ అన్నే, అదే దీని అందం. మొదటి రెండు వారాలు విసుగు పుట్టిస్తుంది. తర్వాత చెయ్యి దానంతటదే వెళ్తుంది.

ఫొనెటిక్: ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. లేఖిని వాడినవాళ్లకి ఇది కొత్త కాదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. ఈ రోజే మొదలుపెట్టొచ్చు. కాకపోతే ట, త తేడాకి షిఫ్ట్ గుర్తుపెట్టుకోవాలి.

డీటీపీలో చెయ్యి తిరిగినవాళ్లు "యాపిల్ లేఔట్" అంటే కంగారుపడకండి, అదో తెలుగు లేఔట్ పేరు. ఏళ్ల తరబడి దాని మీద కొట్టినవాళ్లని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనడం అన్యాయం. యూనికోడ్ అంకెలే వచ్చేలా సెట్ చేసుకుంటే లేఔట్ ఏదైనా ఒకటే.

ఫోన్‌లో వాయిస్ టైపింగ్ సంగతేంటంటే, గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుని కలిపింది. పెద్దవాళ్లకి వరం. అయితే మన వైపు యాసలో, ఊరి పేర్లలో తడబడుతుంది, పంపే ముందు ఒకసారి చూసుకోండి.

ఫోన్ మార్చాలా?

బావ మాట. ఒకప్పుడు నిజమే, ఇప్పుడు చాలావరకు కాదు. మన దేశంలో అమ్మే ఫోన్లకి భారతీయ భాషలు చదవగలగాలన్న ప్రమాణం ఉంది, ఐఎస్ 16333 మూడో భాగం. అయినా తెలుగు గీయడం తేలిక పని కాదని ఖరీదైన ఫోన్లే ఒకసారి చూపించాయి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో "జ్ఞా" లాగే కనిపించే ఒక అక్షరం ఉన్న మెసేజ్ వస్తే యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా "తెలుగు అక్షరం ఐఫోన్‌ని చంపేస్తోంది" అని వార్తలు రాసింది. పాపం, తప్పు జ్ఞది కాదు. ఆ వరుస ఇది: జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని 8204 అనే అంకె, ఆ తర్వాత దీర్ఘం. ఆ వరుసని ఎలా గీయాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియలేదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

ఆ కనిపించని అంకె పనికిమాలినదేం కాదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ తర్వాత అదుంటే వే విడిగా నిలబడుతుంది. లేకపోతే వ ఒత్తయిపోయి "సాఫ్ట్వేర్" అని ముద్దగా వస్తుంది. గాడ్జెట్ల మాటల్లో ఇది అడుగడుగునా తగులుతుంది. వెతికినప్పుడు ఒక రూపం దొరికి ఇంకోటి దొరక్కపోతే కారణం ఇదే కావచ్చు.

కొత్త ఫోన్ చూసేటప్పుడు షాపులోనే ఈ లైన్ కొట్టి చూడండి: రాష్ట్రం, స్త్రీ, జ్ఞానం, ఉత్ప్రేక్ష, సాఫ్ట్‌వేర్. నోటిఫికేషన్‌లోనూ, సబ్‌టైటిల్‌లోనూ కింది ఒత్తులు తెగిపోతున్నాయా చూడండి. మెగాపిక్సెళ్లు ఎవరైనా చెబుతారు, ఇది మనమే చూసుకోవాలి.

మేం ఫైల్‌ని ఎలా బతికించాం

ముందు అసలు ఫైల్‌ని కాపీ తీసి పక్కన పెట్టా. దాని మీద చెయ్యి వేయలేదు. ఇది మొదటి నియమం.

రెండు, వర్డ్‌లో తెరిచి అక్షరాలు సెలెక్ట్ చేసి ఫాంటు పేరు చూశా. ఫాంటు మన దగ్గర లేకపోయినా పేరు అక్కడ కనిపిస్తుంది. ఏ పట్టికో చెప్పే తాళంచెవి అదే.

మూడు, ఆ ఫాంటుకి సరిపోయే కన్వర్టర్‌తో మార్చా. ఒక్క జాగ్రత్త: పొలం కాగితాలు, ఆధార్ వివరాల లాంటివి ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో పేస్ట్ చేయకండి. అలాంటివి సొంత కంప్యూటర్‌లో నడిచే కన్వర్టర్‌తోనే చేసుకోండి.

నాలుగు, యూటీఎఫ్-8లో సేవ్ చేశా.

ఐదు, అసలు పని: తప్పులు దిద్దడం. మేనత్త దగ్గరున్న పన్నెండు పేజీల ప్రింటుని ఫొటోలు తీసి పంపమని, పక్కన పెట్టుకుని పోల్చా. మూడు రకాల తప్పులు పదేపదే కనిపించాయి. పాత ఫాంటులో ర ఒత్తుని అక్షరానికి ముందే కొట్టేవారు, అది కొన్నిచోట్ల పక్క అక్షరం కిందికి వెళ్లింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు తెలుగు ముక్కలుగా మారిపోయాయి. కొన్నిచోట్ల సున్న బదులు ఇంగ్లీషు "ఓ" పడింది. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, వెతికితే దొరకదు. తప్పుల తీరు తెలిశాక మిగతా ఇరవై ఎనిమిది పేజీలు ప్రింటు లేకుండానే చాలావరకు దిద్దగలిగా.

అందంగా కావాలంటే ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ. మా ఫైల్‌కి అదే పెట్టా.

మీకు హోమ్‌వర్క్

మీ ఇంట్లో పాత సీడీనో, పెన్‌డ్రైవో వెతకండి. అందులో ఒక తెలుగు ఫైల్ తెరిచి ఈ మూడు చేయండి: ఒక మాట వెతకండి, ఒక లైన్ కాపీ చేసి మెసేజ్‌లో పేస్ట్ చేయండి, ఫోన్‌తో చదివించండి. మూడూ పాసైతే ఆ ఫైల్‌కి ఢోకా లేదు. ఒక్కటి ఫెయిలైనా, ఫాంటు పేరు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు ఇంకా మన ఊళ్లలో ఉండగానే మార్చుకోండి. ఇకపై పెళ్లి కార్డు కొట్టించినా, పుస్తకం వేయించినా "ప్రింటుతో పాటు యూనికోడ్ ఫైల్ కూడా ఇవ్వండన్నా" అని అడగండి.

ఆ ఆదివారం ఫోన్ ఒళ్లో పెట్టుకుని నాయనమ్మ మంచం మీద కూర్చుంది. ఫోన్ గొంతు కాస్త రోబోలా ఉన్నా తెలుగే. గంటన్నర విన్నది. చివర్లో పోయినవాళ్ల పేర్లు వస్తుంటే ఒకచోట, "ఆపరా, ఆ పేరు తప్పు" అంది. పడవ నడిపే ఆయన పేరు. ర ఒత్తు పక్క అక్షరం కిందికి పోయింది, నా కంటికి ఆనలేదు. ఆవిడ సరిగ్గా చెప్పింది. నేను నాలుగు బ్యాక్‌స్పేస్‌లు నొక్కి మళ్లీ కొట్టా.

"ఇప్పుడు మొదట్నుంచి పెట్టు" అంది.